ఎదుటి కుర్చీలో యంత్రం



మా తాతగారింటి అరుగు మీద చదరంగం గళ్లు ఉండేవి. గచ్చు పచ్చిగా ఉన్నప్పుడే మేస్త్రీ చేత గీయించారట. పావులు మాత్రం పూర్తిగా ఎప్పుడూ ఉండేవి కావు. పోయిన బంట్ల చోట చింతపిక్కలు, ఒక ఏనుగు బదులు తాతగారి పొడుం డబ్బా. సాయంత్రం ఎండ తగ్గాక ఎదురింటి పెద్దాయన కండువా దులుపుకొని వచ్చి కూర్చునేవారు. తాతగారికి ఇష్టమైన ఎత్తు ఒకటి ఉండేది. తన రాజుకు అప్పటిదాకా ఒక్కసారి కూడా చెక్ తగలకపోతే, ఆ రాజును గుర్రంలా దూకించేవారు. ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి. ఎదుటాయన అడ్డు చెప్పేవారు కాదు, ఎందుకంటే మన వైపు పాత ఆటలో అది ఉన్న నియమమే. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. రాజును ఏనుగు చాటుకు చేర్చే కోట కట్టడం అనే మాట నేను ఆ అరుగు మీద ఎన్నడూ వినలేదు.

కొన్నేళ్ల తర్వాత మా పట్నంలో కంప్యూటర్ నేర్పే ఒక సెంటర్లో మొదటిసారి యంత్రంతో చదరంగం ఆడాను. ఆ ఆట పేరు బ్యాటిల్ చెస్. 1988లో ఇంటర్‌ప్లే అనే అమెరికా కంపెనీ తెచ్చింది. అందులో పావులు నడుచుకుంటూ పోతాయి, కొట్లాడుకుంటాయి. మనం ఏనుగు అని పిలిచే పావు అక్కడ కోట బురుజు. దాని వంతు రాగానే ఆ బురుజు కాస్తా రాతి రాక్షసుడై లేచి నడుస్తుంది. నోరు తెరుచుకొని చూశాను. పదో ఎత్తో పన్నెండో ఎత్తో, నా రాజు ఇరుకున పడ్డాడు. చెక్ ఇంకా తగల్లేదు కదా అని తాతగారిలా దూకించబోయాను. యంత్రం ఒప్పుకోలేదు. మళ్లీ ప్రయత్నించాను, మళ్లీ ఒప్పుకోలేదు. పక్కనున్న కుర్రాడు నవ్వి, అలాంటి ఎత్తు లేదండీ అన్నాడు.

ఉంది. మా అరుగు మీద ఉంది. కానీ అరుగు మీది ఆటలో నియమాలు ఆడే ఇద్దరి ఒప్పందంలో ఉంటాయి. కంప్యూటర్లో అవి ప్రోగ్రాం లోపల ఉంటాయి. ఊరికో తీరుగా, ఇంటికో తీరుగా నడిచిన ఆటను కంప్యూటర్ ఒకే తీరుకు తెచ్చింది. ఆ పని అంతర్జాతీయ పోటీలు ముందే మొదలుపెట్టాయి, నిజమే. ఇంటింటికీ తీసుకొచ్చింది మాత్రం యంత్రమే. దానివల్ల గుడివాడ పిల్ల మాస్కోలో ఆడగలుగుతోంది. దానివల్లే తాతగారి రాజు దూకడం మానేశాడు. ఈ రెండూ నిజాలే. ఈ రెండింటినీ మనసులో ఉంచుకొనే, చదరంగం కంప్యూటర్లోకి ఎలా వెళ్లింది, వెళ్లి మనకేమిచ్చింది అన్నది ఇవాళ మీతో చెప్పాలనుకుంటున్నాను.

ఈ కథ కంప్యూటర్‌తో మొదలు కాలేదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కాగితంతో మొదలైంది. ఇంగ్లండులో ఆలన్ ట్యూరింగ్ అనే గణితవేత్త, డేవిడ్ చాంపర్‌నౌన్ అనే మిత్రుడు కలిసి 1948లో చదరంగం ఆడే పద్ధతి ఒకటి రాశారు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి ట్యూరోచాంప్ అని పేరు. దాన్ని నడిపించే కంప్యూటర్ అప్పటికి వాళ్ల చేతిలో లేదు. అందుకని 1952లో ట్యూరింగే యంత్రమై కూర్చున్నాడు. ఎదుట కూర్చున్నది ఆలిక్ గ్లెనీ అనే సహోద్యోగి. ట్యూరింగ్ తన బుర్ర వాడకూడదు, తాను రాసుకున్న సూత్రాలనే అక్షరం తప్పకుండా పాటించాలి. బంటుకు 1, గుర్రానికి 3, శకటుకు మూడున్నర, ఏనుగుకు 5, మంత్రికి 10 అని విలువలు కట్టాడు. ప్రతి ఎత్తుకూ, ఈ పావు ఇక్కడికి కదిలితే అతడు ఏం చేస్తాడు, అప్పుడు నా లెక్క ఎంత అని కాగితం మీద కూడికలు, తీసివేతలు. ఒక్కో ఎత్తుకు అరగంట దాకా పట్టేది.

ఆ ఆట 29 ఎత్తులు సాగింది. చివరి ఎత్తులో ట్యూరింగ్ గారి కాగితపు యంత్రం మంత్రితో ఒక బంటును కొట్టింది. లెక్క ప్రకారం ఒక బంటు లాభం. వెంటనే గ్లెనీ తన ఏనుగును మంత్రికి ఎదురుగా తెచ్చి నిలబెట్టాడు. మంత్రి వెనకే రాజు ఉన్నాడు కాబట్టి పక్కకు తప్పుకునే వీల్లేదు, ఇక మంత్రి పోయినట్టే. ఆట అక్కడితో ముగిసింది. ఆశపడి బంటు తిన్న ఆ ఎత్తును చూస్తే నాకు యంత్రం మీద జాలి కలుగుతుంది. దాని తప్పల్లా ఒక్కటే, చూపు పొడవు చాలలేదు. గడప దాకా చూసింది, గడప అవతలున్న గొయ్యి కనపడలేదు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు చదరంగం ప్రోగ్రాములు రాసినవాళ్లంతా పెనుగులాడింది ఈ గడపతోనే.

ఎందుకంత కష్టం అంటే, అమెరికాలో క్లాడ్ షానన్ 1950లోనే ఒక వ్యాసంలో లెక్క వేసి చెప్పాడు. మీరు వేయగల ఎత్తులు సుమారు 30 అనుకోండి. ఒక్కోదానికి ఎదుటివారి జవాబులు మరో 30. రెండూ కలిపి తొమ్మిది వందలు, చేతి లెక్కకు వెయ్యి అనుకుందాం. ఆట 40 జతల ఎత్తులు సాగితే, వెయ్యిని వెయ్యితో 40 సార్లు హెచ్చవేయాలి. వచ్చే సంఖ్య ఒకటి పక్కన 120 సున్నాలు. కాబట్టి అన్నీ చూడడం ఏ యంత్రం వల్లా కాదు. ఎంత దూరం చూడాలి, దేన్ని వదిలేయాలి అన్నదే అసలు విద్య.

వదిలేయడంలో తొలినాటివాళ్లు చూపించిన తెగువ నాకు చాలా ఇష్టం. 1956లో అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలలో మానియాక్ అనే పెద్ద కంప్యూటర్ ఉండేది. దానికి 64 గళ్ల బల్ల మోయలేని భారం. అక్కడి శాస్త్రవేత్తలు బల్లనే కుదించేశారు. ఆరు గళ్లు అడ్డం, ఆరు గళ్లు నిలువు, మొత్తం 36. శకట్లను పూర్తిగా తీసేశారు. ఇంగ్లీషులో ఆ పావు పేరు క్రైస్తవ మతాధికారిది కాబట్టి, అది మతపెద్దలు లేని చదరంగం అని వాళ్లలో వాళ్లు చెప్పుకున్నారు. ఆ బల్ల మీద ఒక బలమైన ఆటగాడు మంత్రి లేకుండా ఆడి కూడా యంత్రాన్ని ఓడించాడు. ఆ తర్వాత, అంతకు వారం ముందే ఆట నేర్చుకున్న ఒకరిని కూర్చోబెడితే, 23 ఎత్తుల్లో యంత్రం గెలిచింది. చదరంగం లాంటి ఆటలో మనిషి మీద కంప్యూటర్ తొలి గెలుపు అదే. అదీ కుంచించిన బల్ల మీద, కొత్తగా నేర్చుకున్న మనిషి మీద.

ఇంకొకటి చెప్పాలి, ఇది వింటే కంప్యూటర్ రంగంలో ఉన్న మన పిల్లలు నమ్మరు. 1982లో ఇంగ్లండులో జడ్‌ఎక్స్ 81 అనే చవక కంప్యూటర్ ఉండేది. దాని జ్ఞాపకశక్తి మొత్తం ఒక్క కిలోబైటు. డేవిడ్ హార్న్ అనే ఆయన అందులో ఇమిడేలా చదరంగం రాశాడు. ప్రోగ్రాం 672 బైట్లు. ఇవాళ మన తెలుగు అక్షరాలు కంప్యూటర్లో దాచాలంటే ఒక్కో గుర్తుకు మామూలుగా మూడు బైట్లు కావాలి, గుణింతానికీ ఒత్తుకూ మళ్లీ వేరే. ఆ లెక్కన 672 బైట్లలో పట్టేది 224 గుర్తులు. నేనిప్పుడు ఈ సంగతి చెప్పడానికి వాడిన నాలుగు మాటలే అందులో పట్టవు. హార్న్ అందులో చదరంగం ఆడే ప్రత్యర్థిని ఇమిడ్చాడు. కోట కట్టడం లేదు, బంటు చివరి గడికి చేరితే మంత్రి కావడం లేదు. అయితేనేం, మీరు ఎత్తు వేస్తే అది పై ఎత్తు వేస్తుంది. కోట కట్టడం లేదనే సంగతి నాకు తెలిసినప్పుడు తాతగారి అరుగే గుర్తొచ్చింది. జాగా చాలక యంత్రం కూడా మా ఊరి ఆటే ఆడింది కదా అనుకున్నాను.

ఇక అందరికీ తెలిసిన ఘట్టం ఉంది, దాన్ని క్లుప్తంగా చెబుతాను. ఐబీఎం వాళ్ల యంత్రం డీప్ బ్లూ. 1996లో ఫిలడెల్ఫియాలో అప్పటి ప్రపంచ ఛాంపియన్ గ్యారీ కాస్పరోవ్ చేతిలో నాలుగు–రెండు తేడాతో ఓడిపోయింది. 1997 మే నెలలో, క్షణానికి 20 కోట్ల స్థితులు చూసే బలంతో, న్యూయార్క్‌లో మూడున్నర–రెండున్నర తేడాతో గెలిచింది. చివరి ఆట 19 ఎత్తుల్లో ముగిసింది. ప్రపంచమంతా దాన్ని మనిషి ఓటమిగా చెప్పుకుంది. నా అభిప్రాయం అది కాదు. ఆ బల్లకు అవతలి కుర్చీలో కూర్చొని యంత్రం చెప్పిన ఎత్తులు వేసినవారిలో ఫెంగ్ సియుంగ్ షూ ఒకడు. ఆ యంత్రానికి చిప్‌లు రూపొందించినవాడు ఆయనే. చదువుకునే రోజుల నుంచి పన్నెండేళ్ల కృషి అది. ఒక మనిషి చదరంగం ఆడి ఓడిపోయాడు, మరికొందరు మనుషులు చదరంగం ఎలా ఆడాలో యంత్రానికి చెప్పి గెలిచారు. ఇందులో యంత్రానికి దక్కాల్సిన వాటా మనం అనుకున్నంత పెద్దది కాదు.

నిజానికి యంత్రం మనిషికి నేర్పిన మొదటి పాఠం దానికి ఇరవై ఏళ్ల ముందటిది. ఆ కథ ఎక్కువమందికి తెలియదు. బల్ల మీద ఒకరి రాజు, మంత్రి. ఇంకొకరి రాజు, ఏనుగు. ఇంతే మిగిలాయనుకోండి. మంత్రి ఉన్నవారిదే గెలుపు అని పుస్తకాలన్నీ చెబుతూ వచ్చాయి. బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్ అనే ఆయన ఈ నాలుగు పావులతో రాగల స్థితులన్నిటినీ కంప్యూటర్ చేత లెక్క కట్టించాడు. అదీ వెనక నుంచి. మొదట ఆటకట్టు అయిన స్థితులు, తర్వాత ఒక్క ఎత్తులో ఆటకట్టు అయ్యేవి, తర్వాత రెండు ఎత్తుల్లో, ఇలా కొస నుంచి మొదటికి నడిచాడు. మంత్రి గెలవగల స్థితి ఎంత కష్టమైనదైనా, 31 ఎత్తుల్లోపు ఏనుగునైనా పట్టుకోవచ్చు, ఆటకట్టైనా చేయవచ్చు అని తేలింది.

వాల్టర్ బ్రౌన్ అని అమెరికా జాతీయ ఛాంపియన్‌షిప్‌ను ఆరుసార్లు గెలిచిన గ్రాండ్‌మాస్టర్. మంత్రి నాకివ్వండి, ఏనుగు యంత్రానికివ్వండి అని పందెం కాసి కూర్చున్నాడు. 50 ఎత్తుల్లోపు ఏ పావునూ కొట్టకపోతే ఆట సమానం అన్నది నియమం. పుస్తకాల్లో, ఓడేవాళ్లు ఏనుగును రాజు పక్కనే అంటిపెట్టుకొని ఉంచుతారు. యంత్రం అలా చేయలేదు. ఏనుగును ఎక్కడో దూరంగా, వింత గళ్లలోకి తీసుకుపోయింది. బ్రౌన్ తడబడ్డాడు. 50 ఎత్తుల్లోపు గెలుపు చేతికి రాదని తేలిపోయింది. ఆయన ఇంటికి వెళ్లి ఆ ముగింపును మళ్లీ మొదటి నుంచి చదువుకొని, తిరిగి వచ్చాడు. రెండోసారి సరిగ్గా యాభయ్యో ఎత్తులో ఏనుగును పట్టుకున్నాడు.

నన్ను కదిలించేది ఆ రెండో రాక. యంత్రం ముందు తనకు తెలియనిది ఏమిటో ఒప్పుకొని, ఒంటరిగా కూర్చొని ఆలోచించి మళ్లీ వచ్చాడు కదా, అది. ఆ తర్వాత ఇలాంటి లెక్కలు ఏడు పావుల దాకా వెళ్లాయి. 2012లో మాస్కో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటర్ మీద చేశారు. అందులో కొన్ని స్థితుల్లో ఆటకట్టుకు 500కు పైగా ఎత్తులు కావాలి. అవి చూస్తే ఏ మనిషికీ అర్థం కావు, ఎందుకు వేశారో చెప్పే కారణం దొరకదు. అక్కడ యంత్రానికి జవాబు తెలుసు, అంతే.

2017 డిసెంబరులో లండన్‌లోని డీప్‌మైండ్ సంస్థ ఆల్ఫాజీరో సంగతి బయటపెట్టింది. దానికి విలువలు ఎవరూ చెప్పలేదు. మంత్రికి పది, బంటుకు ఒకటి అన్న ట్యూరింగ్ లెక్క కూడా లేదు. నియమాలు మాత్రమే ఇచ్చారు. తనతో తానే కోట్ల ఆటలు ఆడుకుని నేర్చుకుంది. అప్పటికి మేటి ప్రోగ్రాముల్లో ఒకటైన స్టాక్‌ఫిష్‌తో 100 ఆటలు ఆడి 28 గెలిచింది, 72 సమానం, ఓటమి లేదు. రెండు ప్రోగ్రాములూ నడిచిన యంత్రాల బలం సమానం కాదని పట్టించుకోవాల్సిన విమర్శే వచ్చింది. అయినా ఆ ఆటలు బల్ల మీద పేర్చుకొని చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. బంటు తర్వాత బంటును వదులుకుంటుంది, లెక్కలో నష్టమే కనిపిస్తుంది. ఇరవై ఎత్తులు పోయాక చూస్తే ఎదుటి రాజుకు ఊపిరి ఆడదు. ఆశపడి బంటు తిన్న ఆ కాగితపు యంత్రం ఎక్కడ, ఇది ఎక్కడ! మధ్యలో ఉన్నది అరవై అయిదేళ్లు.

స్టాక్‌ఫిష్ గురించి ఒక మంచి మాట చెప్పకుండా ముందుకు పోలేను. నార్వే, ఇటలీ, ఫిన్లండ్ దేశాల వాళ్లు ముగ్గురు 2008లో మొదలుపెట్టిన ప్రోగ్రాం అది. ఇలాంటివాటిని ఇంజిన్లు అంటారు. ఉచితం. దాని రాత కూడా ఎవరైనా చదవచ్చు, దిద్దచ్చు. లోకం నలుమూలల నుంచి స్వచ్ఛందంగా తమ కంప్యూటర్లు ఇచ్చి దాన్ని పరీక్షిస్తున్నారు. 2020లో, జపాను వాళ్ల షోగి ఆట కోసం యు నాసు కనిపెట్టిన ఒక పద్ధతిని తెచ్చి ఇందులో కలిపారు. ఒక ఆట నుంచి ఇంకో ఆటకు అరువు. ఇప్పుడు ప్రపంచ ఛాంపియన్ ఇంట్లో ఉన్నదీ, వరంగల్‌లో ఒక చిన్న గదిలో ఉన్న పిల్లవాడి ఫోనులో ఉన్నదీ ఒకే స్టాక్‌ఫిష్. ఒకప్పుడు మంచి ఆటల పుస్తకం ఒకటి తెప్పించుకోవాలంటే నెలలు పట్టేది. ఈ సమానత్వం చిన్న సంగతి కాదు. గుంటూరు నుంచి హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. గుడివాడలో పుట్టిన హంపి 2002లో అయింది. 2019లో ఒకసారి, 2024లో మళ్లీ మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్‌గా నిలిచింది. వరంగల్ అర్జున్ 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగ్ దాటాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆ మెట్టు ఎక్కిన రెండో భారతీయుడు. వీళ్ల శ్రమ వీళ్లది, గురువుల శ్రమ గురువులది. కానీ ఊరు చిన్నదైనా లోకం ఆడే ఆటను అందుకునే దారి యంత్రం వల్ల తెరుచుకుందన్నది కాదనలేని నిజం.

ఇక నా బెంగ చెబుతాను.

మా అక్క మనవరాలికి పదకొండేళ్లు. విజయవాడలో ఉంటుంది. పోటీలకు వెళ్తుంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు నా ముందే ఫోనులో ఎవరితోనో ఆడి ఓడిపోయింది. ఓడిన మరుక్షణం తెర మీద ఒక మీట నొక్కింది. పక్కన నలుపు తెలుపు గీత ఒకటి లేచింది. తెలుపు ఎక్కువుంటే తెల్లపావులది పైచేయి, నలుపు ఎక్కువుంటే నల్లపావులది. పిల్ల వేలితో జరుపుతూ పోతోంది. ఒకచోట సగమున్న నలుపు గీతనంతా కమ్మేసింది. రెండు ప్రశ్నార్థకాలు వచ్చాయి, పెద్ద తప్పని గుర్తు.

“ఇరవై మూడో ఎత్తు బ్లండర్, తాతయ్యా.”

“ఎందుకు బ్లండర్ అమ్మా?”

“ఇంజిన్ చెప్పింది కదా.”

“అది చెప్పింది సరే, కారణం?”

పిల్ల తెర వంక చూసింది, నా వంక చూసింది. జవాబు లేదు. ఫోను పక్కన పెట్టించాను. చెక్కబల్ల తెచ్చి ఆ స్థితి పేర్చాం. నాకూ వెంటనే తెలియలేదు, నిజం చెబుతున్నాను. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. పది నిమిషాలకు తను విసుక్కుంది, ఇంకో పది నిమిషాలకు గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. తర్వాత ఒక్కసారిగా బల్ల మీదకు వంగింది. “నా గుర్రం కాపలా వదిలేసింది తాతయ్యా! ఇది ఇక్కడి నుంచి కదిలితే అతడి శకటు లోపలికి వచ్చేస్తుంది!” అని అరిచింది. ఆ గొంతు మీకు వినిపించగలిగితే ఈ ప్రసంగం అక్కర్లేకపోయేది. ఇరవై నిమిషాల ముందు యంత్రం చెప్పిన మాటే అది. కానీ ఇప్పుడు ఆ మాట పిల్లది.

ఇలా ఇంజిన్ కన్నా ముందు తన బుర్రను నమ్ముకొని ఎదిగినవాడే దొమ్మరాజు గుకేశ్, చెన్నైలో పుట్టిన తెలుగింటి పిల్లవాడు. 2019లో, పదమూడేళ్లు నిండకముందే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అంతవరకు అతడి గురువు విష్ణు ప్రసన్న అతడిని ఇంజిన్ ముట్టనివ్వలేదు. తోటిపిల్లలందరూ యంత్రం పక్కన పెట్టుకొని సాధన చేస్తున్న రోజుల్లో, ఈ పిల్లవాడు బల్ల ముందు కూర్చొని సొంతంగా లెక్క కట్టుకున్నాడు. 2024 డిసెంబరులో, పద్దెనిమిదేళ్లకు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ సన్నాహంలో సాయపడిన బృందంలో మన హరికృష్ణ ఉన్నాడు, ఇంజిన్లూ ఉన్నాయి. యంత్రం అక్కర్లేదని నేను అనడం లేదు. అది ఎప్పుడు గదిలోకి రావాలన్నదే ప్రశ్న. ఆ గురువు దానికి సరైన జవాబు చెప్పాడని నా గట్టి నమ్మకం.

పాత ప్రోగ్రాములు బలహీనమైనవి కాబట్టి మనతో ఆడాయి. తప్పులు చేశాయి, దొరికిపోయాయి, మనల్ని గెలవనిచ్చాయి. ఇప్పటిది అంత బలమైంది కనుక దానితో ఆడేవాళ్లు తక్కువ, దాన్ని అడిగేవాళ్లే ఎక్కువ. ప్రత్యర్థి కాస్తా సోదె చెప్పేదిగా మారింది. అడిగితే చెబుతుంది, అడిగినవాడు తలూపుతాడు. ఆటలో ఆలోచించే సుఖం మాత్రం ఎవరికీ దక్కదు.

అందుకని తల్లిదండ్రులకు, ఊరూరా చదరంగం నేర్పుతున్న కోచ్‌లకు నాదొక విన్నపం. పిల్లల చేతికి ఫోనుతో పాటు ఒక చెక్కబల్ల ఇవ్వండి. పిల్ల ఆడిన ఆట నోటుబుక్కులో రాయించండి. ఎక్కడ తప్పు జరిగిందనుకుంటోందో, ఎందుకనుకుంటోందో, రెండు వాక్యాలు తన చేత్తో తనే తెలుగులో రాయనివ్వండి. ఆ తర్వాత ఇంజిన్ తెరవండి. తన మాటా దాని మాటా ఒకటైతే సంతోషం, కాకపోతే మళ్లీ బల్ల దగ్గరికి రమ్మనండి. దీనికి పట్టేది రోజుకో అరగంట. వీలైతే ఆ అరగంట మీరూ ఎదుటి కుర్చీలో కూర్చోండి.

మా మనవరాలు ఇప్పుడు ఆ నోటుబుక్కు రాస్తోంది. వచ్చే సెలవులకు తనకు తాతగారి నియమాలతో ఒక ఆట నేర్పుతానని మాటిచ్చాను. ఇంటర్నెట్ ఆటల్లో కుదరదు కాబట్టి, అది అరుగు మీదే ఆడాలి.